ఒక పెద్ద చెయ్యి, నాలుగు చిన్న చేతులు

కొత్తగా జువాలజీ పాఠాలు చెప్పబోయే పిల్లలు నలుగురు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. ఇన్నేళ్ల సర్వీసులో మీరు నేర్చుకున్నది ఒకటి చెప్పండి మేడమ్ అన్నారు. నేర్చుకున్నది చెప్పమంటే ఎవరైనా గొప్పలే చెప్పుకుంటారు. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపేశాను గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇది నేను సిగ్గుపడ్డ సంగతి. మీకు ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ముందు నా గుణం చెప్పాలి. నాకు కుదురు లేదు. క్లాసులో కుర్చీలో కూర్చుని పాఠం చెప్పిన రోజు ఒక్కటి కూడా లేదు. పిల్లలు బొమ్మ గీస్తుంటే వెనక నిలబడి, అయిందా, ఇంకా కాలేదా అని ప్రాణం తీసేదాన్ని. అన్నం కూడా నిలబడి తింటానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఒక వస్తువును నిమిషం పాటు చూడటం నాకు చేతకాదు. చూసేదే వృత్తిగా ఉన్న చదువు చదివి, దాన్నే పిల్లలకు చెప్పి జీతం తీసుకున్నాను. ఆ మాట తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

తొంభైల్లో పుంగనూరులో ఒక చిన్న ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉండేది. ఇప్పుడు లేదు. ఆ మేడలో ఫర్నిచర్ అమ్ముతున్నారు. పై అంతస్తులో రేకుల కింద మా ల్యాబు. ఎండాకాలం వస్తే ఫార్మలిన్ వాసనకు కళ్లు మండేవి. రెండు బల్లలు, ఒక సింకు, ఒక చెక్క బీరువా, అందులో నలభై చిల్లర సీసాలు. రొయ్య, జలగ, సముద్రపు గుర్రం, సముద్ర నక్షత్రం అన్నీ అందులోనే కాపురం. మా పిల్లలు చౌడేపల్లె, సోమల, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల వాళ్లు. వాళ్లలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు. ఒకసారి మద్రాసుకు పెళ్లికి పోయి కూడా, బీచి దాకా పోవడానికి ఓపిక పట్టలేక బస్సెక్కి వచ్చేశాను. ఆ మనిషినే ఏటా జూలైలో బోర్డు మీద సముద్ర నక్షత్రాన్ని గీసి, అయిదు చేతులు, అయిదూ సమానం అని చెప్పేదాన్ని.

ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్లు అని ఉంటాయి. సీసాలు వరసగా పెడతాం. పిల్లలు ఒక్కో సీసా ముందు మూడు నిమిషాలు నిలబడి, లోపల ఉన్న జీవి పేరు, రెండు లక్షణాలు రాయాలి. మా పిల్లలు జీవుల్ని కాదు, సీసాల్ని బట్టీ పట్టేవాళ్లు. పచ్చ మూతది సముద్రపు గుర్రం, అంచు విరిగింది సముద్ర నక్షత్రం, ఇట్లా. సీసా కూడా గుర్తు రాని వాళ్లకు మా ల్యాబు అటెండరు ఉన్నాడు. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ముక్కు గోక్కుంటే రొయ్య, చెవి సవరించుకుంటే నత్త, అయిదు వేళ్లు చాపితే సముద్ర నక్షత్రం. ఈ భాష నాకంటే ముందు నుంచే ఆ కాలేజీలో ఉంది. నాకు తెలుసు. తెలిసీ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేదాన్ని. పిల్లలు ఫెయిలైతే మా కరెస్పాండెంటు ముందు నిలబడాల్సింది నేను.

సముద్ర నక్షత్రాలు మా బీరువాలో రెండుండేవి. ముందు వరసలో ఉన్నది పుస్తకంలో బొమ్మ లాంటిది. వెనక వరసలో ఇంకొకటి, అరచెయ్యంత కూడా లేనిది. దానికి ఒకే ఒక చెయ్యి పొడుగ్గా ఉండేది. తక్కిన నాలుగూ పెద్ద చెయ్యి మొదట్లో గోరంత గోరంత ఉండేవి. నేను చేరిన కొత్తలో సీసాల మీద పాత చీటీలు పసుపు పచ్చగా మాసిపోయి అసహ్యంగా ఉన్నాయని, అన్నింటినీ నీళ్లలో నానబెట్టి గీకించేశాను. సిలబస్ చూసి కొత్త పేర్లు టైపు కొట్టించి అంటించాను. ఈ చిన్నదాని మీద కూడా సముద్ర నక్షత్రం అనే రాసి, పక్కన ‘విరిగినది’ అని చేర్చి వెనక్కి తోసేశాను. ఆ పనికి నాకు పట్టింది అర నిమిషం. తొమ్మిదేళ్లు అది అక్కడే ఉంది.

ఆ తొమ్మిదో ఏడు మాకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా కుప్పం నుంచి ఒక సీనియర్ లెక్చరరు వచ్చారు. బయటి కాలేజీ నుంచి వచ్చి పరీక్ష పెట్టేది వాళ్లు, లోపలి నుంచి సాయం చేసేది మేము. మార్కుల కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఆయన మంచి మనిషే. మేం తెప్పించిన భోజనం ముట్టలేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నారు. అటువంటి వాళ్లంటే మాకు గుబులు. శనివారం కడపటి బ్యాచి మొదలయ్యే ముందు ఆయన బల్లల చుట్టూ ఒకసారి తిరిగి, మీ పిల్లలకు సీసాలు తెలుసు మేడమ్, జీవులు తెలియవు అన్నారు. చెప్పి ఊరుకోలేదు. బీరువా తెరిచి, వెనక వరసలో సీసాలు బయటికి తీసి, తానే బల్ల మీద పేర్చారు. నేను అంటించిన చీటీలకు తెల్ల కాగితాలు చుట్టించారు. అది విరిగిన పీసు సార్ అని నేను అన్నాను. విరిగినా నక్షత్రం నక్షత్రమే, గుర్తుపట్టనీండి అన్నారు.

ఆ బ్యాచిలో ఒక అమ్మాయి ఉంది. చౌడేపల్లె పక్క ఒక పల్లె నుంచి పాల క్యాన్ల మధ్య నిలబడి పొద్దున బస్సుకు వచ్చేది. తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్లు, ఈ మధ్యనే రెండావులు పెట్టుకున్నారు. ఇంటర్ పాసైతే నర్సింగు ట్రైనింగుకు పంపుతామని, తప్పితే ఇంక చదువు లేదని తండ్రి ముందే చెప్పి ఉన్నాడు. ఈ సంగతి నాకు తెలుసు, నర్సింగు అప్లికేషన్ మీద అటెస్టేషన్‌కు ప్రిన్సిపాలు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ఆ పిల్ల మాట్లాడదు. ఏదైనా ఇస్తే చూస్తూ నిలబడిపోతుంది. బొద్దింక నోటి భాగాలు మైక్రోస్కోపు కింద పెడితే తన వంతు అయిపోయినా జరగదు. చూసింది చాలు, రాసుకో అని ఏడాదిలో ఎన్నిసార్లు గదమాయించానో లెక్కలేదు.

పరీక్ష నడుస్తుండగా ఎక్స్‌టర్నల్ మూలన నిలబడి అంతా గమనిస్తున్నారు. ఆ అమ్మాయి ఆ చిన్న సీసా ముందుకు వచ్చిన సమయంలో మా అటెండరు అలవాటు కొద్దీ అయిదు వేళ్లు చాపి గోడకు ఆనించాడు. ఎక్స్‌టర్నల్ చూశారు. నేనూ చూశాను. బ్యాచి అయ్యాక ఆయన ఆ అమ్మాయి జవాబు కాగితం విడిగా తీసి చదివారు. చదివి నా చేతికిచ్చారు.

అందులో తెలుగులో, గుండ్రటి అక్షరాలతో ఇట్లా ఉంది: ఇది సముద్ర నక్షత్రం. దీనికి ఒక చెయ్యి పెద్దది, నాలుగు చిన్నవి. చిన్నవి విరిగినవి కావు, ఎందుకంటే కొసలు తెగినట్టు లేవు, సన్నగా పూర్తిగా ఉన్నాయి. విడిపోయిన ఒక చెయ్యికే తక్కిన నాలుగూ కొత్తగా మొలుస్తున్నట్టుంది. బల్లికి తోక మళ్లీ వచ్చేటప్పుడు చిన్నగా వచ్చినట్టు.

ఎక్స్‌టర్నల్ నన్ను అడిగారు. నక్షత్రానికి చెయ్యి పోతే చెయ్యి మొలుస్తుందని పుస్తకంలో ఉంది. చెయ్యి నుంచి జంతువే మొలుస్తుందని ఎక్కడుంది? మీరు చెప్పారా? నేను చెప్పలేదన్నాను. అది నిజమే. అయితే ఎవరు చెప్పినట్టు మేడమ్ అన్నారు ఆయన. మీ అటెండరు సైగ చెయ్యడం నేను కళ్లారా చూశాను, ఎవరో చెప్పి రాయించిన జవాబు ఇది అన్నారు. ఆ అమ్మాయిని పిలిపించారు. ఎవరు చెప్పారని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకే మాట చెప్పింది.

“నేనే సూసి రాసినా సార్.”

నా వైపు చూసింది. అప్పుడు నేను అనవలసిన మాట ఒకటుంది. ఆ సీసాలో ఉన్నది ఏమిటో తొమ్మిదేళ్లుగా నాకే తెలియదు సార్, ఈ గదిలో ఎవరికీ తెలియనిది ఎవరైనా ఎట్లా చెప్తారు అని. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అటెండరు అక్కడే ఉన్నాడు. గుమ్మం దగ్గర పిల్లలు ఉన్నారు. ఫస్టు క్లాసులో ఎమ్మెస్సీ పాసైనదాన్నని అందరికీ చెప్పుకుని తిరిగే మనిషిని. నేను గడియారం చూసుకున్నాను. ఎక్స్‌టర్నల్ మాల్‌ప్రాక్టీస్ రిపోర్టు రాసి ముందు పెట్టారు. అభ్యర్థిని బయటి సాయంతో జవాబు రాసింది అని. ఆ రిపోర్టు బోర్డుకు చేరితే ఆమె పరీక్షలు రద్దవుతాయి. నేను సంతకం పెట్టాను. దానికీ అర నిమిషం కూడా పట్టలేదు.

కవరుకు లక్క వేసేసరికి పోస్టాఫీసులో రిజిస్టర్ల వేళ దాటిపోయింది. సోమవారం పొద్దున కుప్పంలోనే వేస్తానని ఎక్స్‌టర్నల్ దాన్ని సంచిలో పెట్టుకుని పలమనేరు బస్సెక్కారు. ఆ అమ్మాయి రికార్డు పుస్తకం బల్ల మీదే మరిచిపోయి వెళ్లిపోయింది.

సీసాలు కడిగి లోపల పెట్టేటప్పుడు అటెండరు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయనకు రిటైర్మెంటు రెండేళ్లుంది. సైగలు చేశాడన్న కోపంతో నేను ఆయన మీద అరిచాను. నీ వల్ల ఒక పిల్ల బతుకు పోయిందన్నాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. విన్నాక నిదానంగా చెప్పాడు.

“నేను వేళ్లు సూపిచ్చింది నిజమే అమ్మా. దానికి నన్నేమన్నా అనండి. ఆ పాప నా పక్క సూడనే లేదు. సూసుంటే అయిదు సేతులని రాసుండును గదా. ఆ పాప రాసింది నాకు తెలిస్తే గదా నేను సెప్పేది? మీకే తెలీదు, నాకేం తెలస్తాది?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేనందుకు ఇంకా మండింది. కాసేపటికి ఆయనే అన్నాడు, ఆ సీసా తెచ్చింది ఈ కాలేజీ మొదటి జువాలజీ సారు, ఇప్పుడు మదనపల్లెలో ఇంటి దగ్గరే ఉండాడు, అడిగితే తెలుస్తుందేమో అని. వీధి గుర్తులు కూడా చెప్పాడు.

ఆదివారం ఫస్టు బస్సుకే మదనపల్లె పోయాను. సీసాను చీర సంచిలో పెట్టి, ఒడిలో పట్టుకుని కూర్చున్నాను. బస్సు ఆగిన చోటల్లా ఎందుకు ఆపారని కండక్టరును అడిగాను. టమోటా బుట్టలు దించుతుంటే నేను లేచి నిలబడటం చూసి, కూసోమ్మా, మదనపల్లె యాడికీ పోదు అన్నాడు ఆయన.

పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. వరండాలో పేపరు చదువుతున్నారు. నేను ఎవరో చెప్పి సీసా చేతికిచ్చాను. వెలుతురుకు పెట్టి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వారు. తర్వాత సీసా తిప్పి చూసి, నా చీటీ ఏమైందమ్మా అన్నారు. గీకించేశానని చెప్పాను. ఆ చీటీ మీద అంతా రాసి పెట్టానే అన్నారు. నాకు ఆ వరండాలోంచి లేచి పారిపోవాలనిపించింది. కాళ్లు ఊపుతూ కూర్చున్నాను.

ఆయన పేపరు అంచు మీద బొమ్మ గీసి చెప్పారు. దీని పేరు లింకియా. ఇసకలో ఉండే రకం కాదు, సముద్రం అడుగున రాళ్ల దిబ్బల్లో ఉంటుంది. రాళ్ల సందుల్లో అతుక్కుని ఉండేసరికి పై నుంచి చూసేవాళ్లకు కనబడదు, మునిగేవాళ్లకే దొరుకుతుంది. వయసులో ఉండగా ఆయన పిల్లల్ని తీసుకుని రామేశ్వరం పక్కకు టూరు పోయారు. అక్కడ శంఖాల కోసం మునిగే ఒకాయన, మొలకు తాడు కట్టుకుని, గాలి సిలిండర్లు ఏమీ లేకుండా ఊపిరి బిగబట్టి దిగి, రాతి కింద నుంచి దీన్ని తీసి పడవలో వేశాడట. పెద్దాయన ముందు ఇది పాడైన పీసు అనుకుని తిరిగి నీళ్లలో వెయ్యబోయారట. మునిగే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడట. ఈ జాతి తన చెయ్యిని తానే తెంచుకుంటుంది. తెగిన చెయ్యి రాయి మీద తన పాటికి తాను పాకిపోతుంది. కొన్నాళ్లకు తెగిన చోట నోరు ఏర్పడి, చుట్టూ నాలుగు మొటిమలు వచ్చి, అవి చేతులవుతాయి. ఒక చెయ్యి నుంచి మొత్తం జంతువు. అన్ని నక్షత్రాలకూ అది సాధ్యం కాదు, దీనికి సాధ్యం. ఈ దశను తోకచుక్క రూపం అంటారమ్మా, పుస్తకాల్లో కూడా ఉంది, మన ఇంటర్ పుస్తకంలో లేదంతే అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత, రెండు వేలు దాటాక, నేనూ పిల్లల్ని తీసుకుని ఆ తీరానికి పోయాను. సముద్రం చూడటం నాకు అదే మొదలు. అక్కడ ఒకాయన మునిగి ఒక లింకియాను నా అరచేతిలో పెట్టాడు. బూడిద రంగు మీద ఎర్రటి మచ్చలు. సీసాలో అంతా పాలిపోయి ఉండేది కదా, దానికి రంగుందని కూడా నాకు తెలియదు. నా చేతి మీద అది కదిలిందో లేదో చెప్పలేనంత నెమ్మదిగా కదిలింది. ఆ రోజు మొదటిసారి ఒక జీవిని కదలకుండా చూశాను. పిల్లలు పడవలో ఆకలని గోల చేశారు.

ఆ ఆదివారానికి వస్తాను. పెద్దాయన ఆ జవాబు రాసిన పిల్ల గురించి అడిగారు. చెప్పాను, నా సంతకం దాకా చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకు పాడైన పీసు అనిపించింది, నీకు విరిగింది అనిపించింది, ఆ పాపకు మొలుస్తున్నట్టు కనబడింది, ఆ పాపకేనా అమ్మా శిక్ష అన్నారు. అన్నం తిని పొమ్మని వాళ్లావిడ బలవంతం చేసింది. నేను చెప్పులు వేసుకుంటూనే వద్దని చెప్పి బస్టాండుకు పరిగెత్తాను.

మదనపల్లె నుంచి మళ్లీ పుంగనూరు, అక్కడి నుంచి పలమనేరు. పలమనేరులో కుప్పం బస్సు ముక్కాలు గంట లేదు. బస్టాండులో అటూ ఇటూ తిరిగి తిరిగి, నిమ్మకాయ సోడా అమ్మే ఆమెకు కూడా కళ్లు తిరిగేలా చేశాను. బస్సులో మాటలు కూర్చుకున్నాను. అటెండరును తిట్టి మొదలుపెట్టాలా, పెద్దాయన పేరు చెప్పి మొదలుపెట్టాలా, పుస్తకాల పేర్లు చెప్పాలా. ఎట్లా మొదలుపెట్టినా చివరికి నాకు తెలియదు అనే మాట దగ్గరికే వస్తోంది. దాన్ని తప్పించి ఆ పిల్లను కాపాడే దారి ఏదైనా ఉందా అని వి.కోట దాకా వెతికాను. దొరకలేదు. ఆ పిల్లకు సాక్ష్యం నా తెలివితక్కువతనం ఒక్కటే. వి.కోటలో బస్సు టైరు మారుస్తుంటే దిగి నిలబడి, ఇది ఇట్లాగే ఆగిపోతే బాగుండునని కూడా ఒక నిమిషం అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, అనుకున్నాను.

నాలుగు దాటాక కుప్పం చేరాను. ఎక్స్‌టర్నల్ ఇల్లు ఊరి చివర. వాళ్లది పట్టుపురుగులు పెంచే కుటుంబం. ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో లుంగీ కట్టుకుని కత్తిపీట మీద మల్బరీ ఆకు తరుగుతున్నారు. నన్ను చూసి లేవలేదు. పురుగులు ఉన్నాయి, కాళ్లు కడగకుండా లోపలికి రావద్దు మేడమ్ అన్నారు. నేను గడప బయటే నిలబడ్డాను. లోపల తట్టల్లో వేలకొద్దీ పురుగులు ఆకు తింటున్న చప్పుడు, సన్నగా వాన పడుతున్నట్టు వినబడుతోంది.

కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను. సీసా గడప మీద పెట్టి, పెద్దాయన చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన ఆకు తరుగుతూనే విన్నారు. లింకియా, తోకచుక్క రూపం అన్నప్పుడు ఒకసారి చెయ్యి ఆగింది. మళ్లీ తరగడం మొదలుపెట్టి, జవాబు రైటేనని తేలితే కాపీ కాదని తేలినట్టా మేడమ్ అన్నారు. రైటు జవాబైతే ఎవరో తెలిసినవాళ్లు చెప్పి ఉంటారని ఇంకా గట్టిగా అనుకోవచ్చు అన్నారు. ఆ మాటతో ఇంక తప్పించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

“తెలిసినవాళ్లు ఆ గదిలో ఎవరున్నారు సార్? అటెండరుకు తెలిసింది అయిదు వేళ్లే. నాకు తొమ్మిదేళ్లుగా తెలియదు, విరిగింది అని చీటీ రాసి పెట్టాను. నిన్న మీరడిగినప్పుడు ఈ మాట చెప్పడానికి సిగ్గుపడి సంతకం పెట్టాను. ఎవరికీ తెలియనిది ఆ పిల్లకు ఎవరు చెప్తారు?”

మీక్కూడా తెలియదు కదా సార్ అని నేను అనలేదు. అనకపోయినా అది అక్కడ ఉంది. ఆయన కత్తిపీట పక్కకు జరిపి, తరిగిన ఆకు తట్టల మీద చల్లడం మొదలుపెట్టారు. ఒక్కో తట్టా అయ్యేదాకా నన్ను చూడలేదు. నేను ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉన్నాను. అన్ని తట్టలూ అయ్యాక ఆయన చేతులు కడుక్కుని, లోపలి నుంచి ఒక తెల్ల కాగితం తెచ్చి నాకిచ్చారు.

“ఇప్పుడు సెప్పింది అంతా రాసీండి. తెలియదు అనే మాటతో సహా. నాకు తెలియదని నేను రాయను, మీరు రాయండి.”

ఆ షెడ్డు గడప మీద, సంచిని బల్లగా చేసుకుని రాశాను. మా ల్యాబులో ఉన్న జీవిని నేను గుర్తించలేకపోయాను, దానికి తప్పు చీటీ అంటించాను, నిన్న వాస్తవం దాచి సంతకం చేశాను, అభ్యర్థినిది తప్పేమీ లేదు. నా పూర్తి పేరు, డిగ్రీలన్నీ కింద రాశాను. ఆ డిగ్రీలు ఇంత చప్పగా ఎప్పుడూ కనబడలేదు. ఆయన చదువుకుని మడిచి, ఇది నా దగ్గరే ఉంటుంది, బోర్డు ఎప్పుడైనా అడిగితే తీస్తాను అన్నారు. తర్వాత కవరు తెచ్చి లక్క పగలగొట్టి, రిపోర్టు బయటికి తీసి నా ముందే నాలుగు ముక్కలు చేశారు. అటెండరు గురించి కూడా అందులోనే ఉంది కాబట్టి ఆయన పీడా దాంతోనే పోయింది. వచ్చే ఏడు మీ గోడకు ఆనుకుని ఎవరూ నిలబడకూడదు అని మాత్రం హెచ్చరించారు.

ఆ కవర్లోనే ఉన్న అమ్మాయి జవాబు కాగితానికి అక్కడే మార్కులు వేస్తూ, ఆ స్పాటరుకు రెండుకు ఒకటిన్నర వేశారు. అరమార్కు ఎందుకు పోయింది సార్ అని నోరు జారి అడిగాను. శాస్త్రీయ నామం రాయలేదు కదా మేడమ్ అన్నారు, ఏ మాత్రం నవ్వకుండా. తిరుగు బస్సులో ఆ అరమార్కు గుర్తొచ్చి నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్క సీటామె జరిగి కూర్చుంది.

ఈ కథను నేను చాలా ఏళ్లు ఇక్కడిదాకానే చెప్పుకునేదాన్ని. స్టాఫ్ రూముల్లో చెప్తే బాగా పండేది. మూడు ఊళ్లు తిరిగి ఒక పిల్లను కాపాడిన మేడమ్‌ని అయిపోయేదాన్ని. సోమవారం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సోమవారం ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు. థియరీ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, భయంతో వాటిని మానేస్తుందేమోనని రికార్డు పుస్తకం తీసుకుని నేనే పోయాను. చౌడేపల్లెలో బస్సు దిగి ఆటో పట్టుకుని, ఊరి బయట ఆగి అడిగితే పశువుల పాక చూపించారు. తల్లి ఎదురొచ్చింది. పాప శనివారం నుంచి సరిగ్గా అన్నం తినలేదమ్మా, ఏమయిందంటే సెప్పదు అంది. నాకు కాస్త గర్వంగా కూడా ఉందనుకోండి, మంచి కబురు తెచ్చాను కదా. పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తల్లి దండం పెడుతుంది, నేను వద్దు వద్దంటాను అని ఆటోలో అంతా ఊహించుకుని ఉన్నాను.

అమ్మాయి ఆవుకు గడ్డి వేస్తోంది. నేను అంతా చెప్పాను. రిపోర్టు చించేశారని, జవాబు కరెక్టేనని, ఆ జీవి పేరు లింకియా అని, నీకు నర్సింగుకు ఏ అడ్డమూ లేదని. ఆమె గడ్డి మోపు కింద పెట్టి విన్నది. ఎప్పటిలాగే నా ముఖం వైపు చాలాసేపు చూసింది. ఆ చూపును తొందరపెట్టాలనిపించినా ఈసారి నోరు రాలేదు.

“మేడమ్, నేను కాపీ కొట్లేదని మీకు శనివారమే తెలుసు గదా” అంది.

తెలుసు అన్నాను.

“మరి యాల సంతకం పెట్నారు?”

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఎక్స్‌టర్నల్ ముందు ఒక పేజీ రాసిన మనిషికి, ఆ పిల్ల ముందు ఒక్క మాట రావడానికి చాలాసేపు పట్టింది. నాకు తెలియదని అందరి ముందూ చెప్పాల్సి వస్తుందని భయపడ్డానమ్మా అన్నాను. తల్లి అటు తిరిగి నిలబడింది.

ఫర్వాలేదు మేడమ్ అని ఆ అమ్మాయి అనలేదు. అంటుందని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆమె నా చేతిలో రికార్డు పుస్తకం తీసుకుని, చేతులకు అంటిన గడ్డిపోచలు లంగాకు తుడుచుకుని, నక్షత్రం బొమ్మ ఉన్న పేజీ తీసింది. అందులో నేను గీయించిన అయిదు సమానమైన చేతులున్నాయి, కింద ఎర్ర సిరాతో ‘గుడ్’ అని నా సంతకం. దీని పక్కన ఇంకోటి గీసుకోవచ్చా మేడమ్ అని అడిగింది. గీసుకో అన్నాను. పెన్సిలు తెచ్చుకోవడానికి లోపలికి పోయింది.